ఉపకారం కాదు, వేతనం

విశ్వవిద్యాలయాలలో పరిశోధన సాగించేవారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సొమ్మును మన భాషలో ‘ఉపకార వేతనం’ అంటున్నాము. ఈ జంటపదంలో రెండు దృక్పథాలు ఇమిడి ఉన్నవి. వేతనమైతే అది చేసిన పనికి ప్రతిఫలం. అడిగి పుచ్చుకోదగిన హక్కు. ఉపకారమైతే అది దాత దయ. ఎప్పుడు ఇచ్చినా, ఎంత ఇచ్చినా తలవంచి స్వీకరించవలసినదే. మన పాలకులు ఇంతకాలంగా మొదటి పదాన్నే పట్టుకుని వేలాడుతున్నారు.

అంకెలనే చూడండి. నెట్ పరీక్షలో నెగ్గి జూనియర్ రిసెర్చి ఫెలోషిప్ పొందినవారికి 2010లో నెలకు 16,000 రూపాయలు ఇచ్చారు. 2014లో అది 25,000, 2019లో 31,000, 2023 జనవరి నుండి 37,000 అయింది. సుమారు నాలుగేళ్లకొక పర్యాయం పెంపు. నడుమ ధరలు ఎంత మండినా పైసా కదలదు. ఇంటి అద్దె భత్యం ఉన్నది గాని కరువు భత్యం లేదు. 2019 నాటి పెంపు కొరకు పరిశోధకులు దేశం నలుమూలలా వీధులకెక్కవలసి వచ్చింది.

ఏటా జనవరిలోను, జూలైలోను ధరల సూచిక ననుసరించి కరువు భత్యం సవరింపబడే రైల్వే, తపాలా ఉద్యోగులకు దీని అర్థం వివరించనక్కరలేదు. 2020 జనవరి మొదలు మూడు వాయిదాల భత్యాన్ని ప్రభుత్వం స్తంభింపజేసి, పద్దెనిమిది నెలల బకాయిని ఎగవేసినప్పుడు మన సంసారాలు ఎట్లు తలక్రిందులైనవో మనం మరువలేదు. పరిశోధకునికి ఆ స్తంభనే నిత్యస్థితి.

ఆ సొమ్మైనా అందరికీ అందదు. నెట్ ఫెలోషిప్ లేక కేంద్ర విశ్వవిద్యాలయాలలో పిహెచ్.డి. చేసేవారికి 2015 నాటికి ఇస్తున్నది నెలకు 8,000 రూపాయలే. ఆ ఏడాది అక్టోబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దానిని సైతం రద్దు చేయ నిశ్చయించింది. ఢిల్లీలోని సంఘం కార్యాలయం ముందు విద్యార్థులు రోజుల తరబడి బైఠాయించి, లాఠీలకు వెరవక నిలబడినందుననే ఆ పథకం నిలిచింది. ఆంధ్ర, ఉస్మానియా వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిశోధకులకు అది వర్తించనే లేదు.

పేరు మార్చి హక్కును కాజేయడం మనకు తెలియని విద్య కాదు. ఊరూరా ఉత్తరాలు, పార్శిళ్లు చేర్చే గ్రామీణ డాక్ సేవకుని రాబడిని ‘జీతం’ అనరు, ‘భత్యం’ అంటారు. ఏళ్ల తరబడి రైలుమార్గంపై చెమటోడ్చినా క్యాజువల్ కార్మికుని ‘తాత్కాలికుడు’ అన్నారు. ప్రయోగశాలలో రాత్రింబగళ్లు శ్రమించి, అనేక చోట్ల తరగతులకు పాఠాలు కూడ చెప్పే పరిశోధకుని ‘విద్యార్థి’ అని మాత్రమే పిలవడం ఆ కోవలోనిదే.

“మన పన్నులతో వీరినెందుకు పోషించాలి?” అని మన శ్రేణులలోనే కొందరు ప్రశ్నిస్తున్నారు. ప్రశ్న సబబైనదే, సమాధానం చెప్పవలసి ఉన్నది. ప్రజాధనం వెనుకకు తగ్గినంత మాత్రాన పరిశోధన ఆగిపోదు. ముప్పై ఏళ్లు వచ్చేవరకు బిడ్డలను కూర్చోబెట్టి పోషించగల ఇండ్లవారి సొత్తుగా మారుతుంది. గేట్‌మన్ కుమార్తెకు, పోస్ట్‌మన్ కుమారునికి ఆ తలుపు మూసుకుపోతుంది. అంతేకాదు, ప్రజల సొమ్ముతో సాగే పరిశోధనను ప్రజలు నిలదీసి అడుగగలరు. కంపెనీల సొమ్ముతో సాగేది కంపెనీల లాభానికే జవాబు చెప్పుకుంటుంది.

జాతీయాదాయంలో 6 శాతం విద్యకు వెచ్చించాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. 2020 నాటి జాతీయ విద్యా విధానం అదే అంకెను మరల వల్లించింది. 2020-21లో పరిశోధన, అభివృద్ధి రంగాలపై దేశం పెట్టిన ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం మాత్రమే. ఖజానాలో ధనం లేదనే మాటను, వేతన సంఘాల ఎదుట పలుమారులు విన్న మనం, సులభంగా నమ్మజాలము.

మా అభిప్రాయంలో కోర్కెలు మూడు. పరిశోధకుల వేతనాన్ని ధరల సూచికకు ముడిపెట్టాలి. ప్రతి నెలా మొదటి వారంలో చెల్లించాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిశోధకులకు సైతం వర్తింపజేయాలి. ఈ మూడింటిని మన బ్రాంచి సమావేశాలలో చర్చించి తీర్మానాలు పంపవలసిందిగా సభ్యులను కోరుతున్నాము. కరువు భత్యం మనకెవరూ ఉపకారంగా ఇవ్వలేదు. పోరాడి సాధించుకున్న ఆ సూత్రాన్ని మన ఇంటి గడప దగ్గరే ఆపివేయరాదు.