సీటు కంటే ముందున్న బడి

ఏటా ఎప్‌సెట్ ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఇళ్ళలో, మస్జిద్ మెట్ల దగ్గర, పత్రికా కార్యాలయాలకు వచ్చే ఫోన్లలో వినిపించేది ఒకటే మాట. ర్యాంకు ఎంత, బీసీ-ఇ కింద ఏ కళాశాలలో సీటు రావచ్చు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎంత వరకు వర్తిస్తుంది? ఈ ప్రశ్నలు అడగగలిగే స్థితికి రావడానికే మన సముదాయం చాలా కాలం పోరాడవలసి వచ్చింది. 2004, 2005 సంవత్సరాల్లో చేసిన ప్రయత్నాలు హైకోర్టులో నిలవలేదు. 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం కేటాయిస్తూ చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ కొట్టివేయగా, మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్లనే ఆ రిజర్వేషన్ బతికి బట్టకట్టింది. ఆ ఉత్తర్వు పుణ్యమా అని ఇంజనీర్లయిన వేలాది బిడ్డలు ఈనాడు మన కళ్ళముందున్నారు.

అయితే కౌన్సెలింగ్‌లో కూర్చున్న పిల్లల గురించే మనం మాట్లాడుతున్నాం. అక్కడి దాకా రాని పిల్లల లెక్క ఎవరు చూస్తున్నారు? సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదికలో, దేశంలోని అగ్రశ్రేణి కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో 25 మందిలో ఒకరు, పీజీ స్థాయిలో 50 మందిలో ఒకరు మాత్రమే ముస్లింలని తేల్చింది. దీనిని మనం ఉన్నత విద్య సమస్యగానే చదువుకున్నాం. నిజానికి ఆ వడపోత కళాశాల గేటు దగ్గర మొదలు కాలేదు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లోనే మొదలైంది.

జగిత్యాల జిల్లా పెగడపల్లి వంటి మండలాన్ని తీసుకుందాం. కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల మాదిరిగానే గల్ఫ్ వలస ఇక్కడి కుటుంబాల జీవితంలో భాగం. వెల్డింగ్ చేసే మామ దమ్మాంలో, ఎలక్ట్రీషియన్ అయిన అన్న దుబాయిలో, గోడలు కట్టే చిన్నాన్న మస్కట్‌లో ఉన్న ఇళ్ళు ఎన్నో. ఊళ్ళో కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చుట్టే దుకాణం ఒకటి, ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఒకటి తప్పకుండా ఉంటాయి, వాటిలో పనిచేసేవారిలో మనవాళ్ళూ ఉంటారు. అటువంటి ఇంట్లో పెరిగిన ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి ఇంజనీరింగ్ అంటే ఏమిటని అడిగి చూడండి. హైదరాబాదు, కంప్యూటరు, అమెరికా అంటాడు. వాళ్ళ మామ చేసే పని ఆ జాబితాలో ఉండదు. మోటారులో రాగి తీగను ఎన్ని చుట్లు చుట్టాలో కంటిచూపుతో చెప్పగల మనిషి పక్కింట్లోనే ఉన్నా, ఆ చుట్ల సంఖ్యకూ తన భౌతికశాస్త్ర పాఠంలోని విద్యుదయస్కాంతానికీ సంబంధం ఉందని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు.

ఉపాధ్యాయుణ్ణి నిందించడం మా ఉద్దేశం కాదు. గ్రామీణ ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు సాధారణంగా బీఎస్సీ, బీఈడీ చదివి వస్తాడు. ఆయన చదువులో ఇంజనీరింగ్ ఎక్కడా ఎదురు కాదు. తులాదండం సూత్రం చెప్పగలడు, లెక్క చేయించగలడు. కానీ విజ్ఞానశాస్త్రం ఉన్న ప్రపంచాన్ని వివరిస్తే, ఇంజనీరింగ్ మరో ప్రశ్న అడుగుతుంది: ఇంతే డబ్బు, ఇంతే సామాను, ఇంతే సమయం ఉన్నప్పుడు ఈ పని ఎలా చేస్తావు? మొదటి ప్రయత్నం చెడితే ఎక్కడ చెడిందో ఎలా కనిపెడతావు? ఈ రెండో ప్రశ్నకు పుస్తకం వెనుక జవాబు ఉండదు. అందుకే పరీక్షల చుట్టూ తిరిగే బడిలో దానికి చోటు దొరకదు. ఆ ప్రశ్నను తరగతి గదిలో అడగడానికి ఉపాధ్యాయుడికి ధైర్యం కావాలి. తానే ఒకసారి చేతులు నల్లబరచుకొని ఏదో ఒకటి కట్టి, చెడగొట్టి, మళ్ళీ కట్టి చూసినప్పుడే ఆ ధైర్యం వస్తుంది.

దీనికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఒంటిపూట బడి రోజుల్లో రేకుల కప్పు కింద తరగతి గది ఎంత వేడెక్కుతుందో కొలిచి, గోనెసంచులతో, సున్నంతో, గడ్డితో ఏది ఎంత తగ్గిస్తుందో పిల్లల చేతనే పరీక్షింపజేయవచ్చు. బీడీలు చుట్టే తల్లి రోజంతా వంగి కూర్చునే భంగిమను చూసి, చాట ఎత్తునూ, వెన్ను ఆనించే పలకనూ ఆడపిల్లలు రూపకల్పన చేయవచ్చు. బీడీ పని బాధల మీద మనం ఎన్నో వ్యాసాలు రాశాం. ఆ తల్లి నడుము నొప్పిని గణితంగా, కొలతగా, నమూనాగా మార్చమని ఆమె కూతురిని అడిగినవారు లేరు.

ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం కథ ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినది. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన ఆ పద్మశాలి యువకుడు, ఆసు పోయడానికి రోజూ వేల సార్లు చేయి ఆడించి భుజం పోగొట్టుకుంటున్న తల్లిని చూసి ఆసు యంత్రం తయారు చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథను మనం స్ఫూర్తి కోసం చెప్పుకుని ఊరుకుంటాం. అందులో బడికి ఒక నేరారోపణ కూడా ఉందని మా అభిప్రాయం. అంతటి మెదడు ఉన్న పిల్లవాడికి సాయం చేయగల ఉపాధ్యాయుడు, ఒక పనిముట్ల గది అందుబాటులో ఉంటే అన్నేళ్ళ ఒంటరి పోరాటం అవసరమయ్యేది కాదు.

మన చరిత్రను కూడా ఇలాగే వాడుకుంటున్నాం. 1206లో అల్-జజరీ తన యంత్రాల గ్రంథం పూర్తి చేసిన వైనం మన జల్సాల్లో ఉపన్యాసకులు ఎంతో ఉత్సాహంగా చెబుతారు. ఆ సభలో ముందు వరుసలో కూర్చున్న పిల్లల్లో స్క్రూడ్రైవరు పట్టుకున్నవారు ఎందరో మాత్రం అడగరు. అంత దూరం ఎందుకు, నిజాంసాగర్‌ను తీర్చిదిద్దిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ మన నేల బిడ్డ. ఆయన పుట్టిన జులై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1929లో ఇంజనీరింగ్ కళాశాల వెలిసిన కాలంలో ఆ విద్యను ఉర్దూలో బోధించారు. నేడు ఉర్దూ మాధ్యమంలో పదో తరగతి పూర్తిచేసిన పిల్లకు ముందున్న దారి దాదాపు మూసుకుపోయి ఉంది. ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయ పోస్టులలో రోస్టరు ప్రకారం రిజర్వు అయినవాటికి అభ్యర్థులు దొరకక అవి ఏళ్ళ తరబడి ఖాళీగా మిగులుతున్నాయి. వాటిని ఇతరులతో నింపే నిబంధన కోసం అడుగుతూనే ఉన్నాం.

ఈ పరిస్థితిలో 2022లో కేంద్ర ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే ప్రీ-మెట్రిక్ ఉపకార వేతనాన్ని ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు నిలిపివేసి, తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేసింది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిది దాకా చదువు ఉచితమే కదా అన్నది వారి వాదన. పెన్సిలు పెట్టె, జామెట్రీ బాక్సు, బస్సు ఛార్జీ విద్యాహక్కు చట్టంలో రావని ఏ తల్లినడిగినా చెబుతుంది. మొత్తం చిన్నదే. అయినా అది ఆడపిల్లను మరొక ఏడాది బడిలో ఉంచడానికి తండ్రి ముందు పెట్టగలిగే కారణం. ఏ వయసులో ఆసక్తి మొలకెత్తుతుందో సరిగ్గా ఆ వయసులోనే ఆ చేయూత తొలగిపోయింది. దీని మీద మన ప్రజాప్రతినిధులు పార్లమెంటులో మాట్లాడారు గానీ, మన సంఘాలు దానికి ప్రత్యామ్నాయం ఏర్పాటు చేసుకోవడంలో చూపిన శ్రద్ధ తక్కువే.

ప్రభుత్వ పథకాలు లేవని కాదు. 2016లో 71 బడులతో మొదలైన మైనారిటీ గురుకులాలు 204కు పెరిగాయి. అటల్ టింకరింగ్ ల్యాబ్ మంజూరైన బడికి 20 లక్షల రూపాయల దాకా వస్తుంది. ఇన్‌స్పైర్-మానక్ కింద ఎంపికైన పిల్లల ఆలోచనకు 10 వేల రూపాయలు నేరుగా అందుతాయి. ఈ పథకాలన్నీ ఉపాధ్యాయుడి మీదనే ఆధారపడి ఉన్నాయి. పిల్లల పేర్లు పంపవలసినది ఆయనే, ఆలోచనను పట్టుకుని నమూనా దాకా నడిపించవలసినదీ ఆయనే. త్రీడీ ప్రింటరు కొనిచ్చి దాన్ని వాడటం నేర్పకపోతే బీరువాకు తాళం పడుతుంది, సంవత్సరాంతపు తనిఖీ రోజున తెరుచుకుంటుంది.

అమెరికాలో 26 రాష్ట్రాలు కలిసి 2013లో రూపొందించిన విజ్ఞానశాస్త్ర బోధనా ప్రమాణాలు ప్రాథమిక తరగతుల నుంచే ఇంజనీరింగ్ రూపకల్పనను పాఠంలో భాగం చేశాయి. అంత సంపన్న దేశంలోనూ ఈనాటికీ పెద్ద అడ్డంకి ఉపాధ్యాయ శిక్షణే. పెగడపల్లిలో అది తేలిక అవుతుందని మేము అనుకోవడం లేదు. కానీ ఇక్కడ అక్కడ లేని వసతి ఒకటి ఉంది, అదేమిటంటే దూరాలు తక్కువ. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల నడుస్తోంది. సిరిసిల్ల జిల్లాకు 2021లో మరొకటి వచ్చింది. పొరుగున ఉన్న కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్‌లో, భూగర్భంలో 139 మెగావాట్ల మోటార్లు ఏడు నిలబెట్టిన గాయత్రి పంపుహౌస్ ఉంది. కాళేశ్వరం మీద రాజకీయ వాదాలు ఎన్ని ఉన్నా, ఇంటి బోరు మోటారును చూసి పెరిగిన పిల్లలకు అంతకంటే పెద్ద పాఠ్యపుస్తకం దొరకదు. దాన్ని ఎంతమంది ఉపాధ్యాయులు తమ పిల్లలకు చూపించగలిగారు?

మేము కోరేది ఇది. వేసవిలో ఖాళీగా ఉండే ఇంజనీరింగ్ కళాశాలల వర్క్‌షాపులను చుట్టుపక్కల మండలాల ఉపాధ్యాయులకు ఒక వారం తెరవాలి. తెలుగులోనూ ఉర్దూలోనూ నేర్పాలి. గురుకులాల ఉపాధ్యాయులను, జడ్పీ బడుల ఉపాధ్యాయులను కలిపి కూర్చోబెట్టాలి, ఎందుకంటే మన పిల్లల్లో చాలామంది ఇంకా జడ్పీ బడుల్లోనే ఉన్నారు. విద్యాశాఖ ఆ వారాన్ని సేవాకాల శిక్షణగా గుర్తించాలి. లేకపోతే సెలవులు పోగొట్టుకుని ఎవరూ రారు, రావాలని ఆశించడం కూడా న్యాయం కాదు. పదో తరగతి మార్కులతోనే ప్రవేశం ఇచ్చే బాసర ట్రిపుల్ ఐటీ గురించి, అక్కడి ఆరేళ్ళ చదువు గురించి, ప్రభుత్వ బడి పిల్లలకు ఉన్న ప్రాధాన్యం గురించి ఎనిమిదో తరగతిలోనే తల్లిదండ్రులకు తెలియజేయాలి.

మన వంతు డబ్బు విషయంలో ఒక మాట. జకాత్‌ను అర్హుడైన వ్యక్తికి సొంతం చేయాలన్నది హనఫీ ఉలమాలలో ప్రసిద్ధమైన అభిప్రాయం కనుక, బడికి పనిముట్లు కొనడానికి దానిని వాడటంలో చిక్కు ఉంది. పేద విద్యార్థి బస్సు ఛార్జీకి, పుస్తకాలకు, జామెట్రీ బాక్సుకు జకాత్ ఇవ్వవచ్చు. పనిముట్ల గదికి, ఉపాధ్యాయుల శిక్షణకు ఇతర సదఖాలు, గల్ఫ్‌లో ఉన్నవారి విరాళాలు వేరుగా సేకరించాలి. మస్జిద్ కమిటీలు ఈ రెండు ఖాతాలను కలపకుండా చూడాలి. డబ్బు కంటే విలువైనది మరొకటి ఉంది. ఇరవై ఏళ్ళు గల్ఫ్‌లో వెల్డింగు, పైపు ఫిట్టింగు, ఎలక్ట్రికల్ పనులు చేసి తిరిగివచ్చిన పెద్దలు ప్రతి ఊళ్ళో ఉన్నారు. నెలకు ఒక శనివారం వారిని బడికి పిలిచి, ఉపాధ్యాయుడి పక్కన నిలబెట్టి, పిల్లలకు పని చూపించమని అడగాలి. సూత్రం ఉపాధ్యాయుడు చెబుతాడు, చేయి ఆయన చూపిస్తాడు. వారిని మనం ఇంతకాలం పెళ్ళి ఖర్చులు పంపినవారిగానే గుర్తుంచుకున్నాం.

జులై 11 ఇంజనీర్ల దినోత్సవానికి నగరాల్లో సన్మానాలు, పూలదండలు షరా మామూలే. ఈసారి ఆ రోజున నాచుపల్లి, సిరిసిల్ల కళాశాలల వర్క్‌షాపు తలుపులు ఆరు నుంచి పదో తరగతి వరకు ఉన్న పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు తెరిచి ఉంచాలని కోరుతూ ఆయా ప్రిన్సిపాళ్ళకు, జిల్లా విద్యాధికారులకు మన సంఘాలు ముందుగానే అర్జీలు పంపాలి. అందులో ఆడపిల్లల కోసం ప్రత్యేక బస్సు ఒకటి అడగడం మరచిపోవద్దు.