నెలకో సాయంత్రం మా బజారుకివ్వండి: ఐఐటీ ఖరగ్‌పూర్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ



ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో బట్టల కొట్లకూ కిరాణా కొట్లకూ లెక్కలు రాసే మనిషిని నేను. టాలీలో పద్దులు ఎక్కించడం, నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేయడం నా పని. మీ ప్రాంగణానికీ మా బజారుకీ మధ్య ఉన్నది కొద్ది కిలోమీటర్లే. నెలకో సాయంత్రం మీ విద్యార్థులను మా దగ్గరికి పంపించి, కొట్లలోని కంప్యూటర్లనూ ఫోన్లనూ ఎలా కాపాడుకోవాలో నేర్పించమని అడగడానికే ఈ లేఖ.

ఒక పూజల సీజన్‌లో, రైల్వే బోనసు చేతికొచ్చి బజారంతా కిటకిటలాడుతున్న రోజుల్లో, ఒక బట్టల కొట్టు యజమాని టాలీ తెరుచుకోవడం లేదని నాకు ఫోన్ చేశారు. వెళ్ళి చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా ఏవో పిచ్చి అక్షరాలు వచ్చి చేరాయి. పక్కనే ఇంగ్లీషులో ఒక నోటు: బిట్‌కాయిన్‌లో డబ్బు కడితే తాళం తీస్తామని. "రోజూ బ్యాకప్ తీస్తున్నాం కదా, భయమేముంది?" అన్నారాయన. తీస్తున్న మాట నిజమే. కానీ ఆ హార్డ్ డిస్క్‌ని సీపీయూ వెనక గుచ్చి, ఏడాది పొడుగునా అలాగే ఉంచేశారు. కంప్యూటర్‌కి పడిన తాళం దానికీ పడింది. రైల్వే క్వార్టర్ల వాళ్ళు నెలనెలా కట్టే వాయిదాలు, హోల్‌సేలు వ్యాపారులకు తీర్చాల్సిన బాకీలు అన్నీ అందులోనే ఉండిపోయాయి. దొరికిన బిల్లులు ముందేసుకుని కొంత తిరగరాశాం. పాత సంవత్సరాల లెక్కలు మాత్రం తిరిగి రాలేదు. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు భద్రపరచాలని జీఎస్టీ చట్టం చెబుతుంది. డిస్కు పోయిందంటే చట్టం ముందు చూపించడానికి ఏమీ మిగలదు.

ఆ కంప్యూటర్‌లో విండోస్ క్రాక్ కాపీ ఉంది. దాన్ని వేసిన కుర్రాడు యాంటీవైరస్‌నీ అప్‌డేట్లనూ ఆపేసి వెళ్ళాడు. అతన్ని తప్పుపట్టలేను. అతనికీ ఎవరూ సరిగ్గా నేర్పలేదు. మా బజారులో సలహా చెప్పేవాడూ, సామాను అమ్మేవాడూ ఒక్కరే. అమ్మకంతో సంబంధం లేకుండా మా మంచి కోరి చెప్పే మనిషి కావాలి మాకు.

పెద్ద సంస్థలకైనా ఈ తిప్పలు తప్పలేదు. 2017 మేలో ఇలాగే ఫైళ్ళకు తాళం వేసే వనాక్రై వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు, మన పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో విద్యుత్ పంపిణీ సంస్థ ఆఫీసుల కంప్యూటర్లకు తాళాలు పడ్డాయి. మా పెద్దలు బయల్దేరి వచ్చిన శ్రీకాకుళంతో సహా ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసింది. వేసుకున్నవాళ్ళు బయటపడ్డారు. ఇప్పుడు విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మా కొట్లలో ఉన్నవి చాలావరకు పాత మెషీన్లే. దేనికి విండోస్ 11 పడుతుంది, దేన్ని లినక్స్‌కి మార్చుకోవచ్చు, దేన్ని ఇక పక్కన పెట్టేయాలి? మీ విద్యార్థి ఒక్కసారి చూస్తే తేలిపోయే విషయమిది. తెలియకపోతే మాత్రం ఒక చిన్న కొట్టుకి నెల లాభం అందులోనే పోతుంది.

తాళాల సంగతి ఒకటైతే, తాళంచెవుల సంగతి మరొకటి. చాలా కొట్లకు జీఎస్టీ లాగిన్, ఈమెయిలు, ఓటీపీ వచ్చే నంబరు అన్నీ పార్ట్‌టైమ్ అకౌంటెంటు పేరునే ఉంటాయి. ఆ మనిషి ఊరు మారితే యజమాని తన వ్యాపారానికి తానే బయటివాడైపోతాడు. ఇక యూపీఐ: డబ్బు పంపడానికి పిన్ కావాలి, తీసుకోవడానికి అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క గట్టిగా తెలిస్తే చాలు, సగం మోసాలు గుమ్మం దాటి లోపలికి రావు. స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇచ్చేయకూడదనీ, వాట్సాప్‌లో వచ్చిన, ఫోన్‌లోకి యాప్ ఎక్కించే ఏపీకే ఫైలు నొక్కకూడదనీ, బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసినవాడు మన ఫోన్‌ని దూరం నుంచి నడపనిచ్చే ఎనీడెస్క్ యాప్ వేసుకోమంటే వెంటనే ఫోన్ పెట్టేయాలనీ కౌంటర్ దగ్గర కూర్చునే ప్రతి ఒక్కరికీ తెలియాలి. మోసం జరిగాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే, ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే వీలు అంత ఎక్కువ. మా వాళ్ళు పరువు పోతుందని రెండు రోజులు దాచుకుంటారు. ఆ రెండు రోజుల్లో సొమ్ము ఎన్నో ఖాతాలు దాటిపోతుంది.

ఇవన్నీ ఇంగ్లీషులో, హిందీలో ఎక్కడో ఒకచోట రాసి ఉన్నాయని నాకు తెలుసు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళం మేము. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ఈ బజారులో ఎంతో సంతోషించాం. అయినా మా పెద్దవాళ్ళు ఫోన్‌కి వచ్చే హెచ్చరికను చదవలేక, అర్థంకాక చెరిపేస్తున్నారు. ఎదుట కూర్చుని తెలుగులో చెబితే వింటారు, అనుమానాలు అడుగుతారు, ఇంటికెళ్ళి కోడలికీ మనవడికీ చెబుతారు. మీ హాస్టళ్ళలో ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన పిల్లలు ఎంతోమంది ఉన్నారు. మా బెంగాలీ, హిందీ పొరుగువాళ్ళకు చెప్పగల పిల్లలూ ఉన్నారు.

1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన మీ సంస్థ, దేశసేవకు అంకితమన్న మాటను ప్రధాన భవనం మీదే రాసుకుంది. ఎన్‌ఎస్‌ఎస్ కింద మీ విద్యార్థులు చుట్టుపక్కల పల్లెలకు వెళ్తూనే ఉన్నారు. ఆ దారిలో మా బజారునూ చేర్చండి. మొదటి సాయంత్రం బ్యాకప్ గురించి చెప్పండి: రెండు డిస్కులు పెట్టుకోవడం, వారం వారం మార్చడం, ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉంచడం, అప్పుడప్పుడు అందులోంచి ఒక ఫైలు తెరిచి సరిచూసుకోవడం. రెండోసారి పాస్‌వర్డులు, లాగిన్లు. మూడోసారి యూపీఐ. నాలుగోసారి కొట్టుకొట్టుకీ తిరిగి మెషీన్లు చూడండి. ప్రతిసారీ తెలుగు, బెంగాలీ, హిందీల్లో ఒక్క పేజీ కాగితం ఇవ్వండి, కౌంటర్ వెనక గోడకి అతికించుకుంటాం.

మా వంతు పని మేం చేస్తాం. చోటు చూడటం, కుర్చీలు వేయడం, కొట్టుకొట్టుకీ వెళ్ళి మనుషుల్ని పోగుచేయడం నా పూచీ. వచ్చిన పిల్లలకు ప్రతి కొట్టులోనూ ఎదురయ్యే సమస్యలు నోట్సు రాసి ఇస్తాను. పుస్తకాల్లో లేని సంగతులు వాళ్ళకూ తెలుస్తాయి. పూజల రద్దీ మొదలయ్యేలోపు మొదటి సాయంత్రం జరిగేలా చూడండి. మీరు తేదీ చెప్పిన రోజే ఏర్పాట్లు మొదలుపెడతాను.

ఇట్లు,
గోల్‌బజార్ కొట్ల లెక్కలు రాసే ఒక తెలుగువాడు