ఫైళ్ళను ఎప్పుడు కుదించాలి?



"పంపేముందు జిప్ చెయ్యి" అనడం ఈనాడు మనకొక ఆచారమైపోయింది. ఎందుకు, ఎప్పుడు అని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. ఆచారాన్ని ప్రశ్నించకపోతే మనం సైన్సు చదివి ఏం లాభం?

మాది పత్తి, వరి పండించే కుటుంబం. మిల్లులో దూదిని అదిమి 170 కిలోల బేలు కడతారు. లారీలో చోటు కలిసొస్తుంది, కట్లు విప్పితే దూది దూదిగానే ఉంటుంది. వడ్ల బస్తాను ఎంత అదిమినా ప్రయాసే మిగులుతుంది. దూదిలో గాలి ఉంది, వడ్లలో లేదు. ఫైళ్ళ సంగతీ అంతే.

ఫైలులో గాలి అంటే వచ్చిందే మళ్ళీ మళ్ళీ రావడం. తరచుగా వచ్చే గుర్తుకు పొట్టి సంకేతం ఇచ్చే మార్గం హఫ్‌మన్ 1952లో చూపాడు. ఒకసారి వచ్చిన వరసను తిరిగి రాయకుండా "వెనక ఫలానా చోట చూడు" అంటే చాలునని లెంపెల్, జివ్ 1977లో చెప్పారు. మనం వాడే జిప్ ఈ రెండింటి కలయికే. విప్పితే ఒక్క బైటు కూడా పోదు. మన తెలుగే చూడండి: యూటీఎఫ్-8లో ఒక్కో గుర్తుకు 3 బైట్లు. మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండోది రెండు రకాలే. కనుక సాదా తెలుగు పాఠమూ, సాదా అంకెల పట్టికలూ బాగా తగ్గుతాయి.

జేపెగ్ ఫొటో, ఎంపీ3 పాట, ఎంపీ4 వీడియో ముందే బేలు కట్టినవి. డాక్స్ ఫైలు కూడా లోపల జిప్పే. వాటిని మళ్ళీ జిప్ చేస్తే తగ్గేది నామమాత్రం. పైగా ఫోనులో విప్పడం చేతకాక తంటాలు పడే తోటివాళ్ళు ఉన్నారు. యాభై ఫొటోలు వరస చెదరకుండా పంపాలంటే మాత్రం జిప్ మంచిదే. కాని అది మూట కట్టడం, కుదించడం కాదు.

లెక్క కూడా వేసుకోవాలి. పంపేవాడు ఒక్కడు, దించుకునేవాళ్ళు అరవైమంది. 20 ఎంబీ ఫైలు 4 ఎంబీ అయిందనుకోండి, అందరికీ కలిపి 960 ఎంబీ మిగులు! సిగ్నలు కోసం మేడెక్కే పల్లెటూరి విద్యార్థికి అది చిన్న విషయమా? ఇద్దరి మధ్య చిన్న ఫైలుకైతే ఈ హడావుడి అక్కర్లేదు.

కుదింపులో రెండో రకం తూర్పారబట్టడం లాంటిది. జేపెగ్ కంటికి అంతగా ఆనని వివరాన్ని వదిలేస్తుంది. పోయింది మళ్ళీ రాదు. గాలి జోరెక్కువైతే తాలుతో పాటు గింజా పోతుంది. మా ఊళ్ళో ఒక రైతు పాసుపుస్తకం ఫొటోను దరఖాస్తులో పెట్టిన హద్దు కోసం కుదించీ కుదించీ పంపించారు. సర్వే నంబరులో 3 ఏదో 8 ఏదో తెలియక అది తిరిగొచ్చింది. ఆ పంటకు ఆయన పెట్టుబడి బయట వడ్డీకి తెచ్చుకున్నాడు. హద్దులు పెట్టేవాళ్ళు ముందు చదవడానికి వీలయ్యే హద్దు పెట్టాలని నా అభిప్రాయం. అంతవరకూ మనం చేయగలిగింది అంచులు కత్తిరించడం, మంచి వెలుతురులో తీయడం, పంపేముందు ఒకసారి తెరిచి అంకెలు చదివి చూడడం.

ఊళ్ళో ఇలాంటి కాగితాలు పంపిపెట్టమని పెద్దవాళ్ళు వచ్చేది మన దగ్గరికే. కనుక మిత్రులారా, కుదించేముందు ఆ ఫైలులో గాలి ఉందా, అవతలివాళ్ళకు ఖర్చు తగ్గుతుందా, చదవడానికి వీలుగా ఉంటుందా అని చూడండి. ఈ మూడూ కుదరకపోతే ఉన్నదున్నట్టు పంపడమే మేలు.