యద్దనపూడి మనకేమవుతారు?

మే నెలలో యద్దనపూడి సులోచనారాణి గారు కాలిఫోర్నియాలోని కుపర్టినోలో కన్నుమూశారన్న వార్త మనకు చేరేసరికి రంజాన్ ఉపవాసాలు మొదలై వారమైనా కాలేదు. ఆమె వయస్సు 78 సంవత్సరాలు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా నాకు తెలిసిన కొన్ని ముస్లిం ఇళ్ళలో ఆ రోజుల్లో ఇఫ్తార్‌కూ తరావీహ్‌కూ నడుమ దొరికిన కాస్త తీరికలో ఆడవారు ఫోన్లలో మాట్లాడుకున్నది ఆమె గురించే. ఎప్పుడో పెళ్ళికి ముందు చదివిన ‘సెక్రటరీ’ని, ‘జీవనతరంగాలు’ను జ్ఞాపకం చేసుకుని కంటతడి పెట్టినవారు ఉన్నారు. దానిని చూసి ఒక పెద్దాయన నాతో, “ఆమె మనకేమవుతుందమ్మా? ఇంత పవిత్రమైన మాసంలో ప్రేమకథల రచయిత్రి కోసం కన్నీళ్ళేమిటి?” అన్నారు. ఆయన కోపంతో అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగారు. కనుక ఆ ప్రశ్నకు మర్యాదగానే జవాబు చెప్పవలసి ఉంది.

ముందుగా ఈ కన్నీళ్ళు ఎవరివో చూడాలి. విజయవాడ రహదారి నగరంలో అడుగుపెట్టే చోటు ఎల్.బి.నగర్. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, గుంటూరు వైపుల నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన ముస్లిం కుటుంబాలు ఈ చుట్టుపక్కల కాలనీలలో చాలా ఉన్నాయి. ఆ ఇళ్ళలోని అమ్మీలు, ఖాలాలు ఊరి తెలుగు బడిలో చదివినవారు. ఉర్దూ వారికి మాటగా తెలుసు, అక్షరంగా తెలియదు. పాతబస్తీ బంధువుల పెళ్ళికి వెళితే “మీ ఉర్దూ ఇదేమిటి?” అని నవ్వుతారు. ఇక్కడ ఇల్లు అద్దెకు అడిగితే పేరు వినగానే “నిన్ననే ఇచ్చేశామండీ” అంటారు. రెండు వైపులా పరాయివారయిన ఈ స్త్రీలకు ఎవరి అనుమతీ అవసరం లేకుండా ప్రవేశం దొరికిన చోటు తెలుగు నవల ఒక్కటే.

పదో తరగతితో చదువు మాన్పించిన ఆడపిల్లకు ఆ నవల ఏమిటో మగవారికి తెలియడం కష్టం. వీధి చివర అద్దె పుస్తకాల దుకాణం ఉండేది. తమ్ముణ్ణి బతిమాలి తెప్పించుకున్న పుస్తకాన్ని దిండు కింద దాచి, తెల్లవారేలోగా ముగించి, మరునాడు పొద్దున్నే తిరిగి పంపాలి. ఆలస్యమైతే ఇంకో రోజు అద్దె పడుతుంది. బడి ఆగిపోయినా చదవడం ఆగకుండా నిలబెట్టినవి ఆ పావలా, అర్ధరూపాయి అద్దెలే.

1940లో కృష్ణా జిల్లా కాజలో పుట్టిన సులోచనారాణి గారు 1960లలో ‘జ్యోతి’ మాసపత్రికలో వచ్చిన ‘సెక్రటరీ’తో ఇంటింటికీ చేరారు. ‘మీనా’, ‘జీవనతరంగాలు’ 1973లోనే సినిమాలయ్యాయి. ‘మీనా’కు దర్శకత్వం వహించినది ఒక మహిళ, విజయనిర్మల గారు. 1976లో ‘సెక్రటరీ’ కూడా తెరకెక్కింది. విమర్శకులు ఈ నవలలను ఎన్నడూ పెద్దగా గౌరవించలేదు. ఆజానుబాహువైన ధనవంతుడు, కారు, మేడ, చివరికి పెళ్ళి, ఇంతేగదా అన్నారు. వారు చెప్పినది అబద్ధమని నేను అనను. ఆ కథానాయకుల కోసం కలలు కని, ఆ తర్వాత మామూలు భర్తలతో సర్దుకుపోయిన తరం అది. అయితే వారి పాఠకురాలు చూసినది రాజశేఖరాన్ని మాత్రమే కాదు, జయంతిని కూడా. ఒక పేద ఇంటి అమ్మాయి ఉద్యోగానికి వెళుతుంది, జీతం తెచ్చుకుంటుంది, యజమాని ఎదుట తల వంచదు. బురఖా వేసుకుని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు, దుకాణాలకు, ఆస్పత్రులకు నేడు పనికి వెళుతున్న ఆడపిల్లల వెనుక ‘వెళ్ళనివ్వండి’ అని ఇంట్లో మొదట నోరు విప్పిన తల్లి తరచుగా ఈ నవలలు చదివిన తల్లే. దీనికి నా దగ్గర లెక్కలు లేవు, చూసిన ఇళ్ళున్నాయి.

ఇక అసలు బాధ. ఇంతగా ప్రేమించిన ఆ నవలల మేడల్లో, తోటల్లో మన ఇల్లు ఒక్కటి కనిపించిన గుర్తు నాకు లేదు. ఈ లోపాన్ని ఆమె ఒక్కరికే అంటగట్టడం అన్యాయం. ఆనాటి ప్రజాదరణ పొందిన తెలుగు నవల దాదాపు మొత్తంగా అంతే. మన స్త్రీలు పక్కింటివారి వంటిల్లు, పూజగది, పెళ్ళిచూపులు అన్నీ నవలల్లో చదివి తెలుసుకున్నారు. పక్కింటివారికి మన సహరీ, మన నిఖా, మన వంటింటి కబుర్లు తెలిపే నవల చేతికి అందలేదు. కనుక 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో పేలుళ్ళు జరిగినప్పుడు, బాధితులతో పాటే ఏడ్చిన మనల్ని పొరుగువారిలో కొందరు వార్తల ద్వారా మాత్రమే గుర్తుపట్టారు. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నవారి మధ్య కథ లేకపోతే వచ్చే నష్టం ఇది.

మనవారు రాయలేదా? రాశారు. 1998లో ‘జల్‌జలా’ కవితా సంకలనం, తర్వాత ‘వతన్’ కథలు, 2005లో షాజహానా ‘నఖాబ్’ వచ్చాయి. సలీం గారు ముస్లిం జీవితంపై ‘వెండిమేఘం’ నవల రాశారు. ఆయన ‘కాలుతున్న పూలతోట’కు 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. యద్దనపూడి కోసం ఏడ్చిన ఆ ఖాలాలలో నలుగురిని ఈ పేర్లు అడిగాను. ఒక్కరు, అదీ కుమార్తె చెప్పగా, సలీం గారి పేరు విన్నారు. పుస్తకాలు వచ్చేసరికి అద్దె దుకాణాలు మూతపడ్డాయి. మన సభల్లో ఆవిష్కరించి, మనలో మనమే పంచుకున్నాం తప్ప ఆ వంటింటి వరకు తీసుకుపోలేదు.

గ్రంథాలయాల చట్టం 1960 నాటిది. ఆస్తిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను దాని ప్రకారమే వసూలవుతోంది. ఇల్లు మనదైతే మనం, అద్దెదైతే మన అద్దెలోంచి యజమాని కడుతున్న సొమ్మే అది. సరూర్‌నగర్, ఎల్.బి.నగర్ రంగారెడ్డి జిల్లాలోనివి. మలక్‌పేట, సైదాబాద్ హైదరాబాద్ జిల్లావి. ఏ వీధి వారు ఆ జిల్లా గ్రంథాలయ సంస్థకు దరఖాస్తు పెట్టాలి. షాదీఖానాల కోసం, ఖబ్రస్తాన్ల కోసం పెట్టిన అర్జీలు మనకు కొత్తవి కావు, పుస్తకాల కోసం పెట్టినవి తక్కువ. ఈద్ తర్వాత ఆ పని మొదలుపెడదాం. అర్జీలో ఉర్దూతో పాటు తెలుగు పుస్తకాలు కావాలని స్పష్టంగా రాయాలి. స్త్రీలు రాగలిగే వేళ కూడా అడగాలి: జొహర్ ముగిసి, పిల్లలు బడి నుంచి రాకముందు ఉండే ఆ రెండు గంటలు.