కూటి కొక న్యాయము, గూటి కొక న్యాయమా?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అద్దెయిల్లు కోరువాడు యజమానిని మెప్పించినంత మాత్రమున చాలదు. వాని అప్పులను, పూర్వపు అద్దెలను, న్యాయస్థానములలోని వ్యాజ్యములను సేకరించి నివేదికలు విక్రయించు సంస్థలు కలవు. ఆ కాగితము ప్రతికూలమైనచో తరచుగా ఇల్లు దొరకదు. తెలుగుబిడ్డలనేకు లా దేశమున కాపురముండుటచే నీ విషయ మిచటి తలిదండ్రులకును పట్టినదే.

యజమాని తన యింటి క్షేమమును విచారించుకొనుట ధర్మమే. ఇండ్లు అద్దెకిచ్చు మా పాఠకు లది యెఱుగుదురు. కాని యొకని నేరము వేఱొకని పేరున పడుటయు, కొట్టివేయబడిన వ్యాజ్యము నిలిచియున్నట్లు చూపబడుటయు కలదు. పేరులు కొంత కలిసినంతనే నేరస్థుల పట్టికతో జతపఱచెనను అభియోగమును పరిష్కరించుకొనుటకై 2018లో రియల్‌పేజ్ సంస్థ 30 లక్షల డాలర్లు చెల్లింప నంగీకరించెను. ఒక్క వీథిలో నలుగురు వేంకటేశ్వర్లు గల మనకీ ప్రమాదము వివరింప నక్కఱలేదు.

1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టమున దీనికి మందు లేకపోలేదు. నివేదికను బట్టి యిల్లు నిరాకరించిన యజమాని ఆ సంగతిని, నివేదిక యిచ్చిన సంస్థ పేరును తెలుపవలెను. తదాది 60 దినములలో కోరినవారికి ప్రతి ఉచితముగ లభించును. తప్పు చూపినచో, సంస్థ సాధారణముగ 30 దినములలో పునర్విచారణ జరిపి, అసత్యమును, రుజువు కానిదానిని సవరింపవలెను, లేదా తొలగింపవలెను.

కాని ముప్పది దినము లా యిల్లు ఖాళీగా నుండునా? పిల్లలతో వచ్చిన గృహస్థుడు అందాక నెచట తలదాచుకొనును? ఉద్యోగవిషయమున నిరాకరణకు ముందే నివేదిక ప్రతి నొసగవలెనని యీ చట్టమే విధించుచున్నది. ఇంటివిషయమున నట్టి విధి లేదు. శిక్ష ముందు, విచారణ వెనుక! ఈ భేదమును తొలగించుట యా దేశపు శాసనకర్తల కర్తవ్యమని మా దృఢాభిప్రాయము.

అంతవఱకు మనవారు సిగ్గుపడి మౌనముగ వేఱొక యిల్లు వెదకుకొనరాదు. ఆ తప్పు అచటికిని వెన్నంటి వచ్చును. నివేదిక తెప్పించి, తప్పును వ్రాతమూలకముగ ఖండించి, న్యాయస్థానపు పత్రములను జతపఱచి, నకళ్లు భద్రపఱచుకొనవలెను. అడుగనివానికి చట్టమును తోడురాదు.