ఏసీ గ్యాస్ ‘అయిపోదు’!

ఎండలు ముదిరాయంటే చాలు, కారు ఏసీ మెకానిక్‌ల దగ్గర బండ్లు బారులు తీరతాయి. అందరిదీ ఒకటే మాట... ‘చల్లగా రావడం లేదు, గ్యాస్ అయిపోయినట్టుంది’. మెకానిక్ కూడా సరేనని సిలిండరుకు పైపు తగిలిస్తాడు. అరగంటలో చల్లగాలి వస్తుంది. డబ్బులిచ్చి సంతోషంగా ఇంటికెళ్తారు. సరిగ్గా రోహిణి కార్తె వచ్చేసరికి మళ్లీ వేడి గాలే!

చిక్కంతా ఆ ‘అయిపోయింది’ అన్న మాటతోనే. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కూ, అక్కణ్నుంచి డ్యాష్‌బోర్డు వెనకుండే ఎవాపరేటర్‌కూ, తిరిగి కంప్రెసర్‌కూ అదే గ్యాస్ గానుగెద్దులా తిరుగుతూ ఉంటుంది. చాలా చిన్నకార్లలో ఉండేది మొత్తం కలిపి అరకిలో, ఇంకా తక్కువ. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ల తరబడి కాస్తంత తగ్గడం మామూలే. కానీ ఏటా నింపించాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో లీకు ఉన్నట్టే. దాన్ని పట్టుకోకుండా గ్యాస్ కొట్టించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

అలాగని చల్లదనం తగ్గిన ప్రతిసారీ లీకే అనుకోనక్కర్లేదు. క్యాబిన్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా, కండెన్సర్ ఫ్యాను తిరక్కపోయినా ఇదే ఇబ్బంది. కంప్రెసర్ ‘టక్... టక్’మంటూ నిమిషానికి చాలాసార్లు ఆగి మొదలవుతుంటే గ్యాస్ తగ్గిందేమోనని అనుమానించాలి. ఇక, ఏసీ వేసినప్పుడు కారు కింద నీళ్లు పడుతున్నాయని బెంగపడేవాళ్లూ ఉన్నారు. అది గాల్లోని తేమ. ఎవాపరేటర్ మీద నీరై, గొట్టం గుండా బయటికొస్తుంది. ఆ నీరు కింద పడకుండా ముందు సీటు దగ్గర కార్పెట్ తడుస్తుంటేనే ఆలోచించాలి. గొట్టం మూసుకుపోయిందన్నమాట.

మరి కంటికి కనపడని గ్యాస్ ఎక్కడ లీకవుతోందో తెలిసేదెలా? గ్యాస్‌తోపాటే కంప్రెసర్‌కు కావలసిన నూనె కూడా తిరుగుతుంటుంది. లీకున్న చోట ఆ నూనె కొద్దికొద్దిగా బయటికొచ్చి, దుమ్ము పట్టి, జిడ్డుగా నల్లటి మరక కడుతుంది. మంచి మెకానిక్ పరికరాలు తీయకముందే టార్చిలైటుతో ఆ మరకల కోసం వెతుకుతాడు. మొదట చూడాల్సింది కండెన్సర్‌నే. బండికి ముందువైపు, జాలీ వెనకే ఉంటుంది కాబట్టి రాళ్లదెబ్బలన్నీ దానికే. సముద్రతీర పట్టణాల్లో ఉప్పుగాలి కూడా దాని అల్యూమినియాన్ని తినేస్తుంది. తర్వాత గొట్టాల అతుకుల్లోని రబ్బరు రింగులు, గ్యాస్ నింపే వాల్వులు, కంప్రెసర్ ఇరుసు దగ్గరి సీలు. వాల్వు మీద చిన్న ప్లాస్టిక్ మూత ఊడిపోయినా చాలామంది పట్టించుకోరు. అది దుమ్మును ఆపడమే కాదు, లీకుకు రెండో అడ్డు కూడా.

మరక దొరక్కపోతే మిగిలిన గ్యాస్‌ను యంత్రంలోకి తీసేసుకుని, నైట్రోజన్ ఎక్కించి, అతుకుల మీద సబ్బునీళ్లు రాస్తారు. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే... బుడగ వచ్చిన చోట లీకు. మరీ సన్నటి లీకైతే ఇది చాలదు. అప్పుడు లోపలికి రంగు ఎక్కించి, కొన్నాళ్లు బండి తిప్పాక అతినీలలోహిత దీపం వేస్తే లీకు దగ్గర ఆకుపచ్చగా మెరుస్తుంది. గ్యాస్‌ను పసిగట్టే ఎలక్ట్రానిక్ పరికరాలూ ఉన్నాయి. ఆ గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి పరికరాన్ని అతుకు కిందివైపు నెమ్మదిగా తిప్పాలి. కంటికి అందని ఎవాపరేటర్‌నైతే నీళ్లు పోయే గొట్టం దగ్గర పట్టుకోవాలి. అదే లీకైతే జేబుకు చిల్లే! చాలా కార్లలో డ్యాష్‌బోర్డు ఊడదీస్తే తప్ప అది చేతికి రాదు.

రింగో, వాల్వు పిన్నో పోతే చవగ్గానే అయిపోతుంది. కండెన్సర్‌కు చిల్లుపడితే మాత్రం మార్చేయడమే మేలు. అతుకులేస్తే ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. ‘ఈ డబ్బా ఎక్కిస్తే లీకు దానంతటదే పూడుకుంటుంది’ అనే మందుల జోలికి వెళ్లకపోవడం మంచిది. లోపల సన్నటి దారులు కూడా పూడుకుపోవచ్చు మరి!

లీకు సరిచేశాక చాలాచోట్ల ఎగ్గొట్టే పని ఒకటుంది... వాక్యూమ్. పంపుతో కనీసం అరగంటైనా లోపలి గాలినీ తేమనీ లాగేయాలి. పంపు ఆపాక మీటరు ముల్లు కదలకుండా నిలిచిందో లేదో చూడాలి. తేమ మిగిలితే మంచై దారికి అడ్డుపడుతుంది, నూనెతో కలిసి లోపలి భాగాల్ని తినేస్తుంది. తేమ పీల్చే డ్రయ్యర్‌నూ మార్చాలి. ఆపైన గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాలి. ఎన్ని గ్రాములన్నది సాధారణంగా బానెట్ కింద స్టిక్కరు మీదే ఉంటుంది. గాలికి చెయ్యి అడ్డంపెట్టి ‘చల్లగానే ఉంది’ అనడం కొలత కాదు. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

లీకును వాయిదా వేస్తే పోయేది గ్యాస్ ఒక్కటే కాదు, నూనె కూడా. అది తగ్గితే కంప్రెసర్ బిగుసుకుపోతుంది. దాని ముందు కండెన్సర్ ఖర్చు ఏపాటి! గాలికీ చేటే. చాలా కార్లలో ఉన్న ఆర్-134ఎ గ్యాస్ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు 1,430 రెట్లని లెక్క. 450 గ్రాములు లీకైతే దాదాపు 640 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. ఇలాంటి గ్యాసుల వాడకాన్ని తగ్గించేందుకు 2016లో కుదిరిన కిగాలీ ఒప్పందాన్ని 2021లో మన దేశమూ ఆమోదించింది.

చవగ్గా వస్తుందని వంటగ్యాస్ లాంటివి ఎక్కిస్తామంటే అసలు ఒప్పుకోకూడదు. ఎవాపరేటర్ లీకైతే ఆ మండే గ్యాస్ వచ్చేది పిల్లలు కూర్చున్న చోటికే. బండి తీసుకునేముందు బిల్లు మీద మూడు వివరాలు రాయించుకోవాలి: లీకు ఎక్కడ దొరికింది, ఏ గ్యాస్ ఎక్కించారు, ఎన్ని గ్రాములు.