టేపు పట్టనివాడు పగ్గం పట్టకూడదు

పెళ్లికొడుకు షేర్వానీకి దర్జీ ఒకటికి రెండుసార్లు కొలతలు తీసుకుంటాడు. భుజం దగ్గర అరంగుళం తేడా వచ్చినా విప్పించి మళ్లీ కుట్టించుకుంటాం. ఆ పెళ్లికొడుకును మోసే గుర్రం తలకు టేపు పెట్టినవాణ్ని హైదరాబాద్ బరాత్‌లలో నేను ఒక్కణ్ని కూడా చూడలేదు. చేతికందిన కళ్ళెం తగిలిస్తారు. వదులైతే తాడుతో కడతారు, బిగుతైతే అలాగే లాగేస్తారు. డీజే మోగుతుంది, టపాసులు పేలతాయి, గుర్రం తల ఎగరేస్తూ నురగలు కక్కుతుంది. ఎంత హుషారుగా ఉందో అంటూ జనం ఫోన్లు తీస్తారు. హుషారు కాదది, బాధ.

నమ్మకపోతే దగ్గరికెళ్లి పెదవుల మూలలు చూడండి. ఒరుసుకుపోయి మానిన మచ్చ, ఆ మచ్చ మీదే మళ్లీ పచ్చిపుండు. నోట్లోంచి కళ్ళెం కడ్డీ బయటికి తీయిస్తే కొన్నిటికి ఇనప ముళ్లుంటాయి. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం కేంద్రం 1965లో చేసిన నిబంధనల్లో 8వది ముళ్ల కడ్డీని సూటిగా నిషేధించింది. అరవై ఏళ్లయినా ఆ ముళ్లు గుర్రాల నోళ్లలోనే ఉన్నాయి. ఎందుకుండవు? 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఫంక్షన్ హాలు బయట పార్కింగుకు ఇచ్చే చిల్లరతో ఒక మూగజీవి నోరు చీల్చేయొచ్చన్నమాట!

ఆ నోట్లో ఏముందో తెలుసుకోండి. గుర్రానికి ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. కడ్డీ కూర్చునేది అక్కడే. ఎముక అంచును కప్పి ఉన్నది పల్చని చిగురు మాత్రమే. ముళ్లు లేని నున్నటి కడ్డీ అయినా మొరటు చేతిలో పడితే ఆ చిగురును నలిపేస్తుంది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పశువైద్యుడు రాబర్ట్ కుక్ ఏళ్ల తరబడి మొత్తుకున్నది ఇదే. దవడ కింద పట్టీలు ఒకదాన్నొకటి దాటే, కడ్డీ లేని కళ్ళేన్ని ప్రచారంలోకి తెచ్చింది ఆయనే.

"కడ్డీ లేకపోతే గుర్రం ఆగదు సార్" అంటారు. నోట్లో కడ్డీ లేకుండా, ముక్కు మీద పనిచేసే హాకమోర్‌తోనే అంతర్జాతీయ పోటీల్లో అడ్డంకులు దూకే గుర్రాలున్నాయి. శిక్షణ ఉంటే గుర్రం ఆగుతుంది. నొప్పి పెడితే పారిపోవాలని చూస్తుంది, అది దాని స్వభావం. ముళ్లు గుచ్చితే తప్ప ఆగని గుర్రాన్ని పసిపిల్లలు గంతులేసే ఊరేగింపులోకి తేవడమే నేరం.

అయితే కడ్డీ తీసేసి, ఆన్‌లైన్‌లో చిన్నది, మధ్యస్థం, పెద్దది అని అమ్మే కళ్ళెం ఒకటి తెప్పించి "మాది దయగల సవారీ" అని బోర్డు పెట్టుకునే రైడింగ్ స్కూళ్లనూ నేను క్షమించను. గుర్రం ముక్కు ఎముక కొన దగ్గర పల్చగా ఉంటుంది. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు, దానికున్న దారి ముక్కొక్కటే. పెద్దసైజు పట్టీ జారి ఆ మెత్తటి చోట బిగిస్తే మీరు చేసింది బాధను నోటి నుంచి ముక్కుకు మార్చడమే. పొడుగాటి ఇనప కాడలున్న హాకమోర్ అయితే చేతి బలాన్ని మరిన్ని రెట్లు చేసి ముక్కు మీద వేస్తుంది.

కొలవడం బ్రహ్మవిద్యేమీ కాదు. దర్జీ టేపు చాలు. గుర్రాన్ని నీడలో నిలబెట్టి, తల మామూలు ఎత్తులో ఉండగా, ముక్కు మీదుగా బొటనవేలు మెల్లగా కిందికి జరపండి. గట్టి ఎముక ఒకచోట సన్నబడి, వేలు మెత్తగా దిగిపోతుంది. అక్కడ గానీ ఆ కింద గానీ ఏ పట్టీ పడకూడదు. పక్కన కంటి కింది నుంచి దిగే చెంప ఎముక గట్టు చేతికి తగులుతుంది. ఆ గట్టు చివరికి రెండు వేళ్లు కింద, గట్టి ఎముక మీద ముక్కుపట్టీ కూర్చోవాలి. అక్కడ ముక్కు చుట్టుకొలత మొదటిది. ముక్కుపట్టీ ఉంగరం పడే చోటు నుంచి చెవుల వెనకగా అవతలి ఉంగరం దాకా రెండోది. ఒక చెవి వెనక నుంచి నుదుటి మీదుగా రెండో చెవి వెనక్కి మూడోది. గొంతు కిందుగా చుట్టి వచ్చేది నాలుగోది. నుదుటిపట్టీ కురచైతే తలపట్టీని ముందుకు లాగి చెవుల మొదళ్లను ఒరిపిస్తుంది.

తొడిగాక ముక్కుపట్టీ కింద రెండు వేళ్లు, గొంతుపట్టీ కింద పిడికిలి పట్టాలి. గుప్పెడు గడ్డి పెడితే హాయిగా నమలాలి. పగ్గం లాగి వదలగానే దవడ కింది పట్టీ సడలాలి. సడలకపోతే మాట విన్నాక కూడా గుర్రానికి శిక్ష ఆగదు.

ఈ నిర్లక్ష్యం మన ఒక్కరిదే కాదు. ఐర్లండ్, ఇంగ్లండ్, బెల్జియం పోటీల్లోని 750 గుర్రాల ముక్కుపట్టీల మీద చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. రెండు వేళ్ల వదులున్నవి 7 శాతమే. 44 శాతం గుర్రాల ముక్కుపట్టీ కింద వేలు దూరే సందే లేదు. చివరికి 2025లో అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య ముక్కుపట్టీ బిగుతు కొలిచే పరికరం తేవాల్సొచ్చింది. అక్కడ కనీసం కొలుస్తున్నారు.

గుర్రం యజమాని పేదవాడే, కాదనను. కొత్త పట్టీ కొనే స్తోమత అతనికి లేకపోతే, బరాత్‌కు లక్షలు పోసే మీకుంది. బయానా ఇచ్చే ముందే గుర్రం నోరు చూపించమనండి. ముళ్లుంటే ఆ బేరం అక్కడే వదిలేసి పోలీసులకు చెప్పండి. పిల్లల్ని రైడింగుకు పంపే తల్లిదండ్రులారా, ఈ గుర్రం తల కొలతలు ఎక్కడ రాసిపెట్టారని మొదటిరోజే అడగండి. జవాబు లేకపోతే ఫీజు కట్టకండి. పశుసంవర్ధక శాఖ అధికారులారా, పెళ్లిళ్ల సీజన్‌లో ఒక్క రాత్రి రోడ్డు మీదికి రండి, 8వ నిబంధన ఏ గతిలో ఉందో మీకే తెలుస్తుంది. ముందు ముళ్లు పీకండి, తర్వాత కొలవండి, ఆ తర్వాతే ఎక్కండి.